కీలెరిగిన ఇంజన్లు

పెద్ద వస్తువును చూసి నోరు తెరవడం పిల్లల లక్షణమనీ, ఎదిగినవాడు చిన్న వస్తువులోని పనితనాన్ని మెచ్చుకోవాలనీ ఒక అభిప్రాయం లోకంలో ఉంది. ఆవిరి ఇంజన్ల మీద నేనెప్పుడు రాసినా మిత్రులలో ఒకరిద్దరు ఈ మాటే మర్యాదగా గుర్తు చేస్తుంటారు. "రెండు ఇంజన్లను కలిపి కుట్టినట్టుండే ఆ భూతాలలో అందమేమిటండీ?" అని ఒకరు అడిగారు. "బొగ్గు పొగలో కవిత్వం వెతకడం ఆ పొగ పీల్చనివాళ్ళకే చెల్లుతుంది" అని మరొకరన్నారు. మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. రెండో మాటను కాదనలేను, అందులో నిజముంది. ఆ నిజాన్ని పక్కన పెట్టుకునే ఆ ఇంజన్లను ప్రేమించవచ్చుననీ, అలా ప్రేమించడమే సరైన పద్ధతి అనీ నా వాదన. ఈ టపా అందుకే.

ముందుగా అసలు చిక్కు ఎక్కడుందో చెప్పుకోవాలి. ఆవిరి ఇంజను బలం పెరగాలంటే బాయిలరు పెద్దది కావాలి. బాయిలరు పెరిగితే బరువు పెరుగుతుంది. ఒక్కొక్క ఇరుసు మీద ఇంత బరువే పడాలని పట్టాలు, వంతెనలు హద్దు పెడతాయి కనుక ఇరుసులు ఎక్కువ కావాలి. ఇరుసులు ఎక్కువైతే వాటిని బిగించే చట్రం పొడవవుతుంది. పొడవాటి బిగుతు చట్రం వంపు తిరగలేదు. నిచ్చెనను భుజాన వేసుకుని పాత ఊళ్ళో సందు మలుపు తిరగబోయినవాడికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

వికారాబాదులో పెద్ద లైనును వదిలి బీదరు మీదుగా పర్లి వైజనాథ్ పోయే దారిలో మాది మర్పల్లి. వాడి నుంచి సికిందరాబాదు దాకా నిజాం రాజ్యపు తొలి రైలు దారి 1874లో పడింది. వికారాబాదు, తాండూరు దానిమీదివి. మా దారి ఆ తరువాత చాలా కాలానికి వచ్చిన కొమ్మ. మా చిన్నతనంలో అక్కడికి వచ్చినవన్నీ ఒకే చట్రం మీద కట్టిన బొగ్గు ఇంజన్లే. వంపులో చక్రపు అంచు పట్టాను ఒరుసుకుంటూ చేసే కీచుమన్న చప్పుడు మాకు చేలలో దాకా వినిపించేది. బండి బరువు పెరిగితే మానవుడికి సులభంగా తోచే ఉపాయం ఇంకో ఇంజను కట్టడం. అప్పుడు ఇద్దరు డ్రైవర్లు, రెండు జట్ల ఫైర్‌మన్లు, రెండు నిప్పుగుండాలు. ముందున్నవాడు ఆవిరి తగ్గించినప్పుడు వెనకున్నవాడికి తెలియాలి. ఒక కాడికి రెండు తీరుల ఎద్దులను కట్టినట్టే.

ఈ చిక్కుకు ఇద్దరు మనుషులు రెండు దారులు కనిపెట్టారు. స్విట్జర్లాండులో పుట్టిన అనతోల్ మాలే 1884లో ఒక పద్ధతికి పేటెంటు పొందాడు. అందులో వెనక చక్రాల గుంపు బాయిలరుకు గట్టిగా బిగించి ఉంటుంది. ముందు గుంపు కీలు మీద అటూ ఇటూ తిరుగుతుంది. వెనక సిలిండర్లలో ఒకసారి పనిచేసిన ఆవిరి ముందు సిలిండర్లలోకి వెళ్ళి మరొకసారి పనిచేస్తుంది. పులుసులో ఒకసారి పిండిన చింతపండును ఊరకే పారేయక చారుకు మళ్ళీ నానబెట్టే ఇల్లాలి పొదుపు వంటిది ఇది. అమెరికాలో ఈ జాతి బాగా పెరిగి, చివరకు రెండో పిండుడు మానేసి, రెండు గుంపులకూ తాజా ఆవిరినే ఇచ్చే మహాకాయాలుగా మారింది.

రెండో దారి హెర్బర్ట్ విలియం గ్యారట్ అనే ఆంగ్లేయుడిది. పేటెంటు 1907 నాటిది. మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కంపెనీ ఈ తీరు ఇంజన్లను మొదట 1909లో టాస్మేనియాలోని రెండడుగుల వెడల్పు చిన్న రైలు దారి కోసం కట్టింది. ఆ వెంటనే, 1911లో, డార్జిలింగ్ కొండ రైలుకు ఒక చిన్న గ్యారట్ వచ్చింది. గ్యారట్ 1913లో చనిపోయాడు. తన ఆలోచన ఎంత పెద్దదైందో చూడలేదు.

గ్యారట్ తీరును తెలుగువాడికి ఒక్క మాటలో చెప్పవచ్చు: పల్లకీ. బాయిలరు పల్లకీ. ముందొక చక్రాల గుంపు, వెనకొక చక్రాల గుంపు బోయీలు. ముందు బోయీ నీళ్ళ తొట్టిని, వెనక బోయీ బొగ్గును నెత్తిన పెట్టుకుంటారు. పల్లకీ వాళ్ళిద్దరి నడుమ వేలాడుతుంది. మలుపు వచ్చినప్పుడు ముందు బోయీ తన దారిన తిరుగుతాడు, వెనక బోయీ తన వంతు వచ్చినప్పుడు తిరుగుతాడు. పల్లకీ మాత్రం వింటికి నారిలాగా లోపలి అడ్డదారిన సాగిపోతుంది. దాని బరువు వంపు లోపలివైపుకు ఒరుగుతుంది కనుక బండి నిలకడ పెరుగుతుంది. మాలే తీరులో దీనికి తిరుగుబాటు. అక్కడ బాయిలరు మూతి వంపు బయటికి పొడుచుకు వస్తుంది.

ఇందులో ఇంకొక చమత్కారం ఉంది. పల్లకీ కింద బోయీలు లేరు, అంటే బాయిలరు కింద చక్రాలు లేవు. అందువల్ల బాయిలరును లావుగా, పొట్టిగా, నిప్పుగుండాన్ని వెడల్పుగా, లోతుగా కట్టుకోవచ్చు. గాలి బాగా ఆడుతుంది, బొగ్గు బాగా మండుతుంది. ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకటే పరుగు కనుక ఇంజనును తిప్పడానికి తిరుగుడు బల్ల కూడా అక్కరలేదు. లోపం లేదని అనను. దారిలో నీళ్ళు, బొగ్గు తరుగుతున్నకొద్దీ చక్రాల మీద బరువు తగ్గి, సరిగ్గా కష్టం వచ్చిన చోట అవి జారడం మొదలుపెడతాయి. ఏ సృష్టికైనా దాని శాపం దానితోనే పుడుతుంది.

మొదటి మిత్రుడికి నా జవాబు ఇక్కడే ఉంది. ఈ ఇంజన్ల ఆకర్షణ వాటి పరిమాణంలో ఉందని అనుకునేవారు వాటిని నిలబడి ఉన్నప్పుడు మాత్రమే చూసినవారు. వంపు తిరుగుతున్నప్పుడు చూడాలి. అంత ఇనుము మొండికేయకుండా, విరగకుండా, పట్టాను చీల్చకుండా దారికి తగినట్టు తనను తాను సర్దుకుంటుంది. "కీలెరిగి వాత పెట్టాలి" అంటారు మన పెద్దలు. కీలెక్కడో తెలిసినవాడు కొండంత బరువునైనా కదిలిస్తాడు. బలవంతులు వంగడం మనం లోకంలో అరుదుగా చూస్తాం. ఇక్కడ వంగడమే బలానికి ఆధారం. పైగా ఆ పనంతా బయటికి కనిపిస్తుంది. చేతిలోని సెల్‌ఫోను ఇంతకన్నా వేయిరెట్లు గొప్ప యంత్రమే కావచ్చు, కానీ అది ఎలా పనిచేస్తుందో చూపులతో చదువుకోలేం. ఈ ఇంజను తన వ్యాకరణాన్ని దాచుకోదు. కడ్డీ ఏది తోస్తున్నదో, చక్రం దేనివల్ల తిరుగుతున్నదో పదేళ్ళ పిల్లవాడు సైతం గట్టున కూర్చుని పోల్చుకోగలడు.

ఇక మన దేశానికి వద్దాం. బ్రాడ్‌గేజి మీద గ్యారట్లను పెద్ద ఎత్తున నమ్ముకున్నది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1925లో రెండు ఇంజన్లతో పరీక్షించి, 1929లో పదహారు 'ఎన్' తరగతి ఇంజన్లను బేయర్ పీకాక్ నుంచి తెప్పించింది. తరువాత మరో పది, 1939లో మరో నాలుగు వచ్చాయి. 'ఎన్' తరగతి ఇంజను బరువు 234 టన్నులు, చక్రాలు ఇరవైనాలుగు, లాగుడు బలం దాదాపు 69,660 పౌండ్లు. స్వాతంత్ర్యం తరువాత దేశమంతా కనిపించిన 'డబ్ల్యూజీ' గూడ్సు ఇంజను బలం 38,890 పౌండ్లు. అంటే మా తరం కళ్ళప్పగించి చూసిన ఇంజన్లు రెండింటికి కొద్దిగా తక్కువ పని ఒక్క గ్యారట్ చేసేది. బొగ్గు, ఖనిజం మోసే బరువైన బండ్లకు వీటిని వాడారు.

ఆ రైల్వే కథలో తెలుగువాళ్ళ భాగం చాలా పెద్దది. కలకత్తా నుంచి దాని దారి వాల్తేరు దాకా వచ్చేది. దాని పెద్ద కర్మాగారం ఖరగ్‌పూర్‌లో ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి జనం తరతరాలుగా ఆ ఊరికి వలసపోయారు. ఖరగ్‌పూర్ గోల్‌బజారులో బెంగాలీతో సమానంగా తెలుగు వినబడుతుంది. చదువు కోసం నేను 1980లలో ఆ ఊళ్ళో కొన్నేళ్ళు ఉన్నాను. తెలంగాణ పల్లె నుంచి పోయినవాణ్ణి, ఉత్తరాంధ్ర యాసలో కూరగాయల బేరం విని మొదటి వారం ఆశ్చర్యపోయాను, రెండో వారం నుంచి ఊరట పొందాను.

అక్కడ రైల్వే కాలనీలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. అప్పటికే పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది. యౌవనంలో గ్యారట్ మీద ఫైర్‌మన్. నాకు ఆ రోజుల్లో పుస్తకజ్ఞానం దండిగా ఉండేది. బాయిలరు వెడల్పు, కీలు అమరిక, వంపు లెక్క అన్నీ ఉత్సాహంగా వల్లించాను. ఆయన ఓపికగా విని, "సూడ్డానికి బాగుంటాది బాబూ. దాని ఆకలి మేపినోడికే తెలుస్తాది" అన్నారు. ఇద్దరు ఫైర్‌మన్లు వంతులవారీగా పార పట్టినా అది చాలదనేదట. 'ఎన్' తరగతి నిప్పుగుండంలో బొగ్గు పరిచే జాలీ వైశాల్యం 70 చదరపు అడుగులు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న చిన్న వంటగది నేలను ఊహించుకోండి. నడివేసవిలో, ఊగే ఇనుపరేకు మీద నిలబడి, ఆ వంటగది నేలంతా సమంగా నిప్పు ఉండేలా, ఏ మూలా చల్లారకుండా పారతో బొగ్గు చల్లాలి. ఎక్కుడు మొదలైతే పార ఆగకూడదు. ఆయన కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారి ఉండేది. ఆ వంపు గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పల్లకీ పోలిక ఇక్కడ నన్ను ఇబ్బంది పెడుతుంది. పల్లకీని మెచ్చుకుంటూ ఉన్నప్పుడు బోయీల సంగతి అడగడం తెలుగు కవిత్వం మనకు నేర్పిన అలవాటు. ఇనుప బోయీల వెనక అసలు బోయీలు ఈ పార పట్టినవాళ్ళు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొక సంగతి కనబడుతుంది. తరువాతి కాలంలో మన రాష్ట్రపతి అయిన వరాహగిరి వేంకటగిరి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకుడిగా పనిచేశారు. ఉద్యోగాల నుంచి తీసివేసినవారి కోసం 1928లో ఆయన నడిపిన అహింసాయుత సమ్మె ఫలించి, రైల్వే కంపెనీ దిగివచ్చింది. ఆ మరుసటి ఏడు, 1929లో, రెండు ఇంజన్ల పనిని దాదాపు ఒక్క జట్టుతో చేయించగల గ్యారట్లు ఓడ దిగాయి. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టను. గ్యారట్లు రావడానికి బరువు, ఎక్కుడు, వంతెనల హద్దు అనే కారణాలు చాలు. కానీ ఆ ఇంజను ముక్కు మీద నిలబడి లెక్క వేసే కంపెనీవాడికీ, దాని వెనక నిలబడి పార పట్టేవాడికీ అది ఒకే వస్తువుగా కనిపించి ఉండదన్నది మాత్రం స్పష్టం. ఒకరికి మిగిలిన జీతం, మరొకరికి రెట్టింపైన పార.

అమెరికా సంగతి పోల్చి చూడండి. కీలు ఇంజన్లలో అందరికీ తెలిసిన పేరు 'బిగ్ బాయ్'. యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం 1941 నుంచి 1944 వరకు ఇరవైఐదు కట్టారు. బొగ్గు నీళ్ళ బండితో కలిపి పొడవు సుమారు 132 అడుగులు, లాగుడు బలం 1,35,375 పౌండ్లు. యూటా రాష్ట్రంలోని వాసాచ్ కొండల ఎక్కుడును తోడు ఇంజను లేకుండా దాటడం కోసం పుట్టినవి ఇవి. నిప్పుగుండం జాలీ 150 చదరపు అడుగులు, అంటే మన 'ఎన్' తరగతికి రెండింతల పైమాట. కానీ అక్కడ బొగ్గును గుండంలోకి చేర్చింది మరతో తిరిగే స్టోకరు, మనిషి చేతి పార కాదు. పెద్ద ఇంజన్లకు అలాంటి యంత్రం తప్పనిసరి చేయాలని అక్కడి కార్మిక సంఘాలు పోరాడి, 1930ల చివరికి సాధించుకున్నాయి. అదే యుగం, అదే ఆవిరి, అదే కీలు. ఒకచోట మనిషి నడుము ఖరీదు కట్టుకుని చూశారు, మరొకచోట అది చవకగా దొరికింది.

'బిగ్ బాయ్' అన్న పేరు కూడా కంపెనీ పెట్టింది కాదు. ఇంజను కడుతున్నప్పుడు కర్మాగారంలో పనివాడెవరో దాని మొహం మీద సుద్దముక్కతో ఆ మాట రాశాడు. పేరు నిలిచింది, రాసినవాడి పేరు నిలవలేదు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నింటికంటే నచ్చిన సంగతి ఇదే. తాను చెమటోడ్చి కట్టిన వస్తువుకు ముద్దుపేరు పెట్టినవాడు దాన్ని ద్వేషించినవాడు కాదు. కష్టానికీ మురిపానికీ చుక్కెదురనుకునే మన చదువుకున్నవాళ్ళ తర్కం అతడికి తెలియదు. ఖరగ్‌పూర్ పెద్దాయన కూడా ఆ ఆకలిని తిట్టి తిట్టి, చివరకు, ఎక్కుడు మీద రెండు జతల సిలిండర్ల చప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మళ్ళీ విడిపోయి, మళ్ళీ కలిసే తీరును బల్ల మీద రెండు చేతులతో దరువు వేసి చూపించారు. ముందు గుంపుకూ వెనక గుంపుకూ ముడి లేదు కనుక వాటి చప్పుళ్ళు ఒకే లయలో ఎక్కువసేపు ఉండవు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివే ఉన్నాను, ఆయన చేతుల్లో విన్నాను.

అందుకని రెండో మిత్రుడికి నేను చెప్పేది ఇది. పొగ పీల్చనివాళ్ళు కవిత్వం చెప్పకూడదని నిషేధం పెడితే, పొగ పీల్చినవాళ్ళ కథ కూడా వాళ్ళతోనే పోతుంది. ఇప్పుడు జరుగుతున్నదీ అదే. మన దేశంలో బ్రాడ్‌గేజి కోసం ఆఖరి ఆవిరి ఇంజను చిత్తరంజన్‌లో 1970లో తయారైంది. 'అంతిమ సితార' అని పేరు పెట్టి పంపారు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్ల రోజువారీ సేవ 1995 డిసెంబరుతో ముగిసింది. గ్యారట్లు అంతకు చాలా ముందే షెడ్డు దాటడం మానేశాయి. ఆనాడు పాతికేళ్ళవాడికి ఈనాడు ఎంత వయసో లెక్క వేసుకోండి. ఖరగ్‌పూర్ పెద్దాయన ఇప్పుడు లేరు. ఆయన దరువును నేను రికార్డు చేయలేదు, అప్పట్లో నా దగ్గర టేపు రికార్డరు కొనే డబ్బు లేదు.

ఇంజన్లు కొంతవరకు అదృష్టం చేసుకున్నాయి. 'ఎన్' తరగతి 815 ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. 811ను ఖరగ్‌పూర్‌లో బాగుచేసి 2006లో మళ్ళీ ఆవిరి మీద నడిపించారు. అమెరికావాళ్ళు 'బిగ్ బాయ్' 4014ను, అరవయ్యేళ్ళ నిద్ర తరువాత, 2019 మే నెలలో మళ్ళీ దారికెక్కించారు. 2024లో అది టెక్సాస్ దాకా వచ్చి వెళ్ళింది. అక్కడ మనవాళ్ళు తక్కువేమీ లేరు. పిల్లలను భుజాన ఎక్కించుకుని పట్టాల పక్కన నిలబడి చూసినవారు మీలోనూ ఉండి ఉంటారు. ఇనుమును కాపాడుకోవడం మనిషికి చేతనవును. రంగు వేసి గేటు ముందు నిలబెడితే చాలు, మరో యాభయ్యేళ్ళు ఉంటుంది. కానీ ఆ ఇనుము పక్కన పెట్టే పలకను చదవండి. తయారీ సంవత్సరం, బరువు, సిలిండరు కొలత, కట్టిన కంపెనీ పేరు ఉంటాయి. దానికి ఎంతమంది పార పట్టేవారో, ఎక్కుడు మీద ఒక్కరోజుకు ఎన్ని టన్నుల బొగ్గు చేతుల మీదుగా పోయేదో, వాళ్ళు దాన్ని తమలో తాము ఏమని పిలుచుకునేవారో ఉండదు. బంధనం తీసిన కీలులాంటి చరిత్ర అది. సగం తిరుగుతుంది, సగం బిగుసుకుని ఉంటుంది.

తెలుగులో ఈ లోటు ఇంకా ఎక్కువ. రైలు మీద మనకు పాటలున్నాయి, కథలున్నాయి, ప్రయాణాలున్నాయి. రైలు నడిపినవాళ్ళ మాటలు మాత్రం అతి తక్కువ. షెడ్డులో కలాసీలు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు ఇంగ్లీషు పదాలను విరిచి, వంచి, తమ నోటికి తగినట్టు చేసుకున్న ఒక భాష ఉండేది. నిఘంటువు ఎక్కని తెలుగు అది. వాల్తేరు, ఖాజీపేట, విజయవాడ, ఖరగ్‌పూర్ కాలనీలలో ఇంకా కొద్దిమంది నోళ్ళలో మిగిలి ఉండవచ్చు. నిజాం రైల్వే నుంచి తరం తరువాత తరంగా ఉద్యోగం చేసిన ఇళ్ళు మా వికారాబాదు, తాండూరు వైపు కూడా ఉన్నాయి. మన తాతలు ఏ రాజు కాలంలో ఎంత శిస్తు కట్టారో తవ్వి తీసే ఓపిక మనకు ఉంది. ఒక్క తరం కిందటి చెమట లెక్క అడిగే ఓపిక కూడా ఉండాలి.

మనలో ప్రతివాడి దగ్గరా ఈరోజు మాట పట్టుకునే యంత్రం జేబులోనే ఉంది. తెలుగులో రాసుకోవడానికి చోటు కూడా ఉంది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో, మీ బంధువులలోనో బొగ్గు ఇంజను మీద పనిచేసినవారు ఉంటే ఈ వారమే వెళ్ళి పలకరించండి. వారి పనిముట్ల పేర్లు అడగండి. ఏ ఎక్కుడు కష్టమో, ఏ డ్రైవరు మంచివాడో, పారను ఎలా పట్టాలో అడగండి. చేత్తో దరువు వేసి చూపించమనండి. రాసినది చిన్నదైనా పర్వాలేదు, యాస దిద్దకుండా రాయండి. మీరు రాసినవాటిని చదవడానికి కాచుకుని ఉంటాను.